ఒక్క కొలత మారిస్తే బల్లంతా మారాలి – పారామెట్రిక్ క్యాడ్ తొలి పాఠం



ముమ్మిడివరం హాస్టల్లో ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆరేళ్ళు ఉన్నాను. ట్రంకు పెట్టె మీద నోటు పుస్తకం పెట్టుకుని, నడుం వంచి రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు ఎం.టెక్.లో మెషిన్ డిజైన్ చదువుతున్నాను. మా నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కథ, కవిత జోలికి పోకుండా, నేను నేర్చుకున్నది మీకు ఉపయోగపడేలా చెబుదామనుకున్నాను.

అన్నలకు ఒక లెక్క కూడా అప్పజెప్పాలి. గత దసరా సెలవుల్లో పూర్వ విద్యార్థులు 16 మంది తలా 500 రూపాయలు వేసుకుని, తమ్ముళ్ళు నేల మీద కూర్చుని రాసుకోవడానికి 8 చిన్న బల్లలు చేయించమని 8,000 రూపాయలు నా చేతికి ఇచ్చారు. బల్లలు వచ్చాయి, అందరూ చూశారు. కానీ వాటిలో నాలుగు కొంచెం పొట్టిగా ఎందుకున్నాయో, కుళాయి దగ్గర సబ్బులు పెట్టుకునే నాలుగు చెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ చెప్పలేదు. ఈ పాఠంలో అది కూడా చెప్తాను.

పారామీటర్ అంటే ఏమిటి?

యూనిఫాం కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరకు వెళ్ళినప్పుడు గమనించారా? ఆయన చొక్కాలో ఉన్న ప్రతి ముక్కనూ మీ ఒంటి మీద కొలవడు. ఛాతీ, భుజం, పొడవు, చెయ్యి – ఇలా నాలుగైదు కొలతలు రాసుకుంటాడు. మిగిలినవన్నీ వాటి నుంచి లెక్క కడతాడు. ఛాతీ కొలతలో నాలుగో వంతు తీసుకుని, పైన కొంచెం వదులు కలుపుకుని ముందు భాగం గీస్తాడు. తరవాత వచ్చిన కుర్రాడు లావుగా ఉంటే ఛాతీ అంకె మారుతుంది, లెక్క మాత్రం అదే. దర్జీ బుర్రలో ఉన్నది చొక్కా బొమ్మ ఒక్కటే కాదు, చొక్కాను తయారు చేసే లెక్క కూడా.

ఆ నాలుగైదు కొలతలనే పారామీటర్లు అంటారు. వాటి మీద ఆధారపడేలా కంప్యూటరులో వస్తువును గీయడమే పారామెట్రిక్ క్యాడ్. క్యాడ్ అంటే కంప్యూటర్ ఎయిడెడ్ డిజైన్, అంటే కంప్యూటరు సాయంతో చేసే రూపకల్పన.

మామూలు డ్రాయింగులో 600 మి.మీ. గీత గీస్తే అది 600 మి.మీ. గీతే. దాని పక్కన ఉన్న గీతతో దానికి ఏ సంబంధమూ లేదు. ఒకటి మారిస్తే రెండోది మనమే గుర్తుంచుకుని మార్చాలి. పారామెట్రిక్ పద్ధతిలో అయితే ‘ఈ చెక్క పొడవు ఆ పై పలక పొడవు కంటే రెండు మందాలు తక్కువ’ అని సంబంధం రాస్తాం. గుర్తుంచుకునే బాధ్యత కంప్యూటరుది.

ఎక్కడి నుంచి వచ్చింది?

1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం తయారు చేశాడు. కాంతి కలంతో తెర మీద గీత గీసి, ‘ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి’ అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టేది. నేటి నిబంధనల పద్ధతికి అదే బీజం.

1982లో వచ్చిన ఆటోక్యాడ్ కాగితం మీది డ్రాయింగును కంప్యూటరు మీదకు తెచ్చింది. 1985లో శామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ 1980ల చివర్లో ప్రో ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పరిశ్రమల్లో పారామెట్రిక్ పద్ధతి పాతుకున్నది దానితోనే. దాని వారసుడిని ఇప్పుడు క్రియో అంటున్నారు. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చింది. ఇవన్నీ డబ్బు పెట్టి కొనాల్సినవి.

మనలాంటివాళ్ళకు పనికొచ్చేది ఫ్రీక్యాడ్. పూర్తిగా ఉచితం. 2002లో మొదలై, 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కు చేరింది. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. దొంగ కాపీలు వెతుక్కుని, వాటితో పాటు వైరస్‌ను ఇంటికి తెచ్చుకోవాల్సిన పని లేదు.

నిబంధనలు – హాస్టల్ నిబంధనల్లాంటివే

పారామెట్రిక్ క్యాడ్‌లో మొదటి మెట్టు స్కెచ్. అంటే ఒక చదునైన తలం మీద గీసిన రేఖాచిత్రం. ఉత్తినే గీసిన గీత ఎటైనా కదులుతుంది. ఎన్ని విధాలుగా కదలగలదో ఆ సంఖ్యను డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. మనం తేలికగా ‘కదలికలు’ అనుకుందాం.

ఒక బిందువుకు 2 కదలికలు: అడ్డంగా, నిలువుగా. ఒక గీతకు రెండు చివరలు కాబట్టి 4. ఒక వృత్తానికి 3: కేంద్రానికి రెండు, వ్యాసార్ధానికి ఒకటి.

ఇప్పుడు దీర్ఘచతురస్రం లెక్క చూద్దాం. పక్కన కాగితం పెట్టుకుని చేయండి.

నాలుగు గీతలు విడివిడిగా గీస్తే 4 × 4 = 16 కదలికలు.
నాలుగు మూలల్లో చివరలు కలపాలి. ఒక్కో మూల కలిపితే 2 పోతాయి. 16 – 8 = 8.
రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలని చెప్తే మరో 4 పోతాయి. మిగిలినవి 4.
పొడవు, వెడల్పు ఇస్తే 2 పోతాయి. మిగిలినవి 2.
ఒక మూలను మూలబిందువు దగ్గర కట్టేస్తే ఆ 2 కూడా పోతాయి. మిగిలింది 0.

సున్నాకు వచ్చిన స్కెచ్ ఇక కదలదు. ఫ్రీక్యాడ్‌లో గీతలు ఆకుపచ్చగా మారతాయి. ఆ ఆకుపచ్చ రంగు చూశాకే ముందుకు వెళ్ళండి. అంతకు ముందే తొందరపడితే తరవాత ఎక్కడో ఒక గీత జరుగుతుంది, ఎందుకు జరిగిందో పట్టుకోలేక జుట్టు పీక్కుంటాం.

నిబంధనలు తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే ఇంకో బాధ. వార్డెన్ గారు ఆరింటికి స్టడీలో కూర్చోమన్నారు, పి.ఇ.టి. మాస్టారు అదే ఆరింటికి గ్రౌండులో ఉండమన్నారు అనుకోండి. ఇద్దరి మాటా ఒకేసారి చెల్లదు. స్కెచ్‌లో కూడా ఒకే గీతకు 600 అని ఒకసారి, 610 అని ఇంకోసారి చెబితే ఫ్రీక్యాడ్ ఎర్ర అక్షరాలతో అభ్యంతరం చెబుతుంది. ఇద్దరూ ఒకే మాట రెండుసార్లు చెప్పినా అది ఒప్పుకోదు. ‘ఇది అనవసరం, ఒకటి తీసెయ్యి’ అంటుంది. అప్పుడు కంగారు పడకుండా చివరగా పెట్టిన నిబంధనను తీసి చూడాలి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు బల్లల సంగతి. మన బల్లలో నాలుగు చెక్కలు: పైన ఒక పలక, అటూ ఇటూ రెండు పక్క పలకలు, ఆ రెండింటి మధ్య వెనకవైపు బిగించే ఒక అడ్డ పలక.

నాకు పారామెట్రిక్ క్యాడ్ వచ్చు. కానీ సెలవులకు ఇంటికి వచ్చాను, చిన్న బల్లేగా అనుకున్నాను. మామూలు గీతల డ్రాయింగు ఒక రాత్రిలో గీసేశాను. పొడవు 600, వెడల్పు 400, ఎత్తు 270, ప్లైవుడ్ మందం 18 మి.మీ. దాని ప్రకారం పక్క పలక ఎత్తు 270 – 18 = 252. అడ్డ పలక రెండు పక్క పలకల మధ్య ఇమడాలి కాబట్టి 600 – 36 = 564. అంతవరకు సరిగ్గానే ఉంది.

తీరా కొనబోతే 18 మి.మీ. ప్లైవుడ్ మన డబ్బుకు చాలలేదు. 12 మి.మీ. తీసుకున్నాం. నేను డ్రాయింగులో మందం దగ్గర 18 కొట్టేసి 12 వేశాను. కాగితం వడ్రంగి మామయ్యకు ఇచ్చి, అమలాపురం వెళ్ళాల్సిన పని ఉంటే వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఎనిమిది బల్లలకూ చెక్కలు కోసి పెట్టాడు. బిగించబోతే అడ్డ పలక చాలలేదు.

లెక్క మీరే చూడండి. మందం 12 అయినప్పుడు అడ్డ పలక 600 – 24 = 576 ఉండాలి. కాగితం మీద 564 అలాగే ఉంది. ఎనిమిది పలకలూ 12 మి.మీ. పొట్టి. పక్క పలకలు 258 ఉండాల్సింది 252 ఉన్నాయి. మామయ్య తప్పేమీ లేదు, కాగితంలో ఉన్నదే కోశాడు. మూడు చోట్ల మార్చాల్సింది నేను ఒక్క చోట మార్చాను.

పొడుగు చెక్కను పొట్టి చేయొచ్చు గానీ పొట్టి చెక్కను పొడుగు చేయలేం. ఆ రాత్రి అన్నం సయించలేదు. అది అన్నల డబ్బు. వాళ్ళలో ఒకరు ఆటో నడుపుతున్నారు, ఒకరు రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నారు. ఎవరికీ 500 రూపాయలు ఊరికే రాలేదు. నాన్నకు చెప్తే ఆయన ఒకటే అడిగాడు, ‘ఇంత చదివించింది కొలత తప్పడానికా?’ అని. కొంచెం సేపాగి, ‘సరే, ఇప్పుడేం చేస్తావో చెప్పు’ అన్నాడు.

బల్లను మళ్ళీ గీద్దాం – ఈసారి సరిగ్గా

ఆ రాత్రి చేసిన పనినే మీకు పాఠంగా చెప్తున్నాను.

ముందు హాస్టల్‌కు వెళ్ళి తమ్ముళ్ళను బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాను. నేల నుంచి మోచేతి దాకా కొలిచాను. పదో తరగతి తమ్ముడికి 240 మి.మీ., నాలుగో తరగతి తమ్ముడికి 190 మి.మీ. వచ్చింది. 270 ఎత్తు బల్ల నాలుగో తరగతి పిల్లాడికి పెద్దదని అప్పుడు తెలిసింది. వాడు రాయాలంటే కింద దుప్పటి మడత పెట్టుకోవాలి. కొలవకుండా గీయడం నా రెండో తప్పు.

మొదటి మెట్టు: ఫ్రీక్యాడ్‌లో స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో గడిలో ఒక్కో అంకె వేసి, ఆ గడికి ఒక మారుపేరు ఇవ్వండి. దాన్ని ఏలియాస్ అంటారు. పేర్లు తెలుగు మాటలే అయినా ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి. మన పేర్లు ఇవి:

పొడవు = 600
వెడల్పు = 400
మందం = 12
మోచేయి = 240
ఎత్తు = మోచేయి + 30
పక్క = ఎత్తు – మందం
అడ్డ = పొడవు – 2 × మందం

మొదటి నాలుగూ మనం ఇచ్చేవి. చివరి మూడూ వాటి నుంచి పుట్టేవి. ఈ తేడాయే ఈ పాఠానికి ప్రాణం. ఏది యజమాని కొలత, ఏది దాని వెనక నడిచే కొలత అన్నది గీత గీయకముందే తేల్చుకోవాలి.

రెండో మెట్టు: పార్ట్ డిజైన్ వర్క్‌బెంచ్‌లో కొత్త బాడీ తీసుకుని, ఎక్స్‌వై తలం మీద స్కెచ్ మొదలుపెట్టండి. దీర్ఘచతురస్రం పనిముట్టుతో గీస్తే మూలలు కలపడం, అడ్డం నిలువు చెప్పడం అదే చేసుకుంటుంది. మీకు మిగిలేది 4 కదలికలు. పొడవు కొలత పెట్టేటప్పుడు 600 అని కొట్టకండి. సమానం గుర్తు నొక్కితే సూత్రం రాసే గడి తెరుచుకుంటుంది. అందులో స్ప్రెడ్‌షీట్‌లోని పొడవు పేరు ఇవ్వండి. వెడల్పు కూడా అలాగే. ఒక మూలను మూలబిందువుకు కట్టండి. ఆకుపచ్చ రంగు వస్తుంది.

మూడో మెట్టు: స్కెచ్ మూసి ‘ప్యాడ్’ నొక్కండి. చదును బొమ్మకు మందం వస్తుంది. ఆ మందం దగ్గర కూడా అంకె కాకుండా ‘మందం’ పేరే ఇవ్వండి. పై పలక తయారు.

నాలుగో మెట్టు: ఇంకో బాడీలో వెడల్పు, పక్క కొలతలతో పక్క పలక. మరో బాడీలో అడ్డ కొలతతో, 100 మి.మీ. ఎత్తుతో అడ్డ పలక. రెండింటికీ ప్యాడ్ ‘మందం’తోనే. ముక్కలను వాటి వాటి చోట్ల అమర్చడానికి 1.0 వెర్షన్‌లో అసెంబ్లీ వర్క్‌బెంచ్ ఉంది. అది రెండో పాఠం.

ఐదో మెట్టు: ఇప్పుడు అసలు పరీక్ష. స్ప్రెడ్‌షీట్‌లో మందం 12 తీసి 18 వేయండి. పక్క 258 నుంచి 252కు, అడ్డ 576 నుంచి 564కు వాటంతట అవే మారతాయి. పలకలన్నీ మందమవుతాయి. నేను మరిచిపోయిన రెండు చోట్లనూ కంప్యూటరు మరిచిపోలేదు. మళ్ళీ 12 వేసి, మోచేయి 190 చేయండి. ఎత్తు 220, పక్క 208 అవుతాయి. నాలుగో తరగతి తమ్ముడి బల్ల వచ్చేసింది. కొత్తగా ఒక్క గీత కూడా గీయలేదు.

పొట్టి చెక్కలు ఏమయ్యాయి?

ఇక్కడే ఆ పద్ధతి నన్ను గట్టెక్కించింది. పొడవు యజమాని, అడ్డ దాని సేవకుడు అనుకున్నాం కదా. నా దగ్గర 564 మి.మీ. అడ్డ పలకలు కోసి ఉన్నాయి. మరి అడ్డ పలకనే యజమాని చేస్తే? సూత్రం తిరగేశాను:

పొడవు = అడ్డ + 2 × మందం = 564 + 24 = 588

చిన్న తమ్ముళ్ళ బల్ల 600 ఉండి తీరాలని ఎవరన్నారు? 588 చాలు. పై పలకలు నాలుగింటిని 12 మి.మీ. చొప్పున కురచ చేయించాను. వాటి పక్క పలకలను 252 నుంచి 208కి కోయించాను. పొట్టి అడ్డ పలకలు నాలుగూ వాటికి సరిగ్గా కూర్చున్నాయి. పెద్ద బల్లలు నాలుగింటికి మాత్రం మిగిలిన ప్లైవుడ్‌లో 576 పలకలు కొత్తగా కోశాం. వాటి పక్క పలకలు 252 గానే ఉంచేశాం కాబట్టి ఎత్తు 264 వచ్చింది. 6 మి.మీ. తేడా రాతకు అడ్డం రాదు. మిగిలిపోయిన నాలుగు పొట్టి పలకలే కుళాయి దగ్గర సబ్బుల చెక్కలు.

అన్నలూ, మీ 8,000లో ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు. మామయ్యకు అదనపు రోజు కూలీ మాత్రం మా నాన్న తన వలుపు డబ్బుల్లోంచి ఇచ్చాడు. ఆ బాకీ నాది.

గుర్తుంచుకోవలసిన సంగతులు

1. ఒక కొలత రెండు చోట్ల టైపు చేస్తున్నారంటే ఆగండి. దానికి పేరు పెట్టి, రెండు చోట్లా ఆ పేరే వాడండి.

2. వరుస ముఖ్యం. ప్రతి పనీ దాని ముందు పని మీద నిలబడుతుంది. పునాది స్కెచ్ తీసేస్తే దాని మీద ఉన్నవన్నీ కూలతాయి. స్కెచ్‌లను వీలైనంతవరకు మూల తలాలకే కట్టండి, అంచులు గుండ్రం చేయడం లాంటి మెరుగులు చివర చేయండి.

3. ఒకే ఆకారం పదే పదే వస్తే ఒక్కటి గీసి, ‘ప్యాటర్న్’తో వరుసగా పేర్చండి. గన్నవరం అక్విడక్టు కమానులు చూడండి. 1850లలో కాటన్ దొర హయాంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి కట్టినది. ఒకే కమాను వరుసగా నడుస్తుంది. మనం యానాం వెళ్ళేటప్పుడు దాటే ఎదుర్లంక వారధి కూడా అంతే, స్తంభం తరవాత స్తంభం. ఆ ఎదుర్లంక నుంచి వెళ్ళి 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన బాలయోగి గారి పేరే ఆ వారధికి ఉంది. ఇలాంటివి గీసేటప్పుడు సంఖ్య, దూరం – ఈ రెండూ పారామీటర్లు.

4. సూత్రం తప్పయితే కంప్యూటరు ఆ తప్పునే శుభ్రంగా గీసి పెడుతుంది. అది లెక్క చేస్తుంది గానీ పిల్లాడి మోచేయి కొలవదు. టేపు పట్టుకుని వెళ్ళాల్సింది మనమే.

5. కోతకు ఇచ్చే ముందు ఒక్క సెట్టు కోయించి, బిగించి చూశాక మిగతావి కోయించండి. రంపం కూడా కొంత చెక్క తింటుందని మరవకండి.

అభ్యాసం

1. మందం 18, మోచేయి 210, పొడవు 600 అయితే ఎత్తు, పక్క, అడ్డ ఎంత?

2. మూడు గీతల త్రిభుజానికి మొదట ఎన్ని కదలికలు? మూలలు మూడూ కలిపి, మూడు భుజాల పొడవులూ ఇచ్చి, ఒక మూలను కట్టేస్తే ఎన్ని మిగులుతాయి? అది ఏ కదలిక?

3. మీ ట్రంకు పెట్టెను కొలవండి. దాని కొలతల్లో ఏవి యజమానులు, ఏవి వెనక నడిచేవి? ఒక పట్టిక రాయండి. దీనికి కంప్యూటరు అక్కర్లేదు.

జవాబులు: మొదటిదానికి 240, 222, 564. రెండోదానికి మొదట 12. మూలలు కలిపితే 6, పొడవులు ఇస్తే 3, మూల కట్టేస్తే 1 మిగులుతుంది. అది ఆ మూల చుట్టూ తిరిగే కదలిక. ఒక భుజాన్ని అడ్డంగా ఉంచితే అదీ పోతుంది. మూడోదాని జవాబు నేను సంక్రాంతికి వచ్చినప్పుడు మీ నోటు పుస్తకాల్లో చూస్తాను.

పదో తరగతి తరవాత ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ రెండేళ్ళ ట్రేడు ఉంది. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా ఉంది. రెండు దారుల్లోనూ ఈ పాఠం మీకు ఎదురవుతుంది. అప్పుడు ‘ఇది మనకు రాదు’ అని వెనక బెంచీకి పోకండి. దర్జీ చేసే లెక్కే ఇది, మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

చివరిగా ఒక మాట. మొన్న వచ్చినప్పుడు నాలుగో తరగతి తమ్ముడు 588 బల్ల మీద ఎక్కాలు రాసుకుంటున్నాడు. దుప్పటి మడత లేదు, నడుం వంగలేదు. వాడు పెరుగుతాడు. అప్పుడు ఆ బల్ల ఇంకొకడికి ఇచ్చి, వాడికి కొత్తది చేయించాలి. మోచేయి కొలిచి నాకు పంపండి చాలు, మిగతా అంకెలు వాటంతట అవే వస్తాయి.

మీ అన్నయ్య,
హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (మెషిన్ డిజైన్)
ముమ్మిడివరం